వాల్పారైలో ఒక పగలు: వర్షారణ్యంలో జంతువులను చూడడం ఎలా?

నల్లమలలో ఏప్రిల్ నెలలో జంతువులను చూడాలంటే కిటుకు సులువైనదే. ఆకులు రాలి అడవి బోడిగా ఉంటుంది, వాగులు ఎండిపోతాయి, ఎక్కడో ఒక చెలమ మిగులుతుంది. దానికి కాస్త దూరంగా చప్పుడు చేయకుండా కూర్చుంటే చుక్కల జింకలు, కణుజులు, అడవి పందులు వాటంతట అవే వస్తాయి. ఆ అలవాటుతోనే నేను మొదటిసారి పడమటి కనుమల వర్షారణ్యానికి వెళ్లి, రోజంతా ఒక వాగు గట్టున కాపలా కాసి, రెండు జలగలను, ఒక పీతను చూసి తిరిగి వచ్చాను. ఏడాదిలో ఎక్కువ రోజులు తడిసి ఉండే అడవిలో నీళ్ల కోసం ఒకే చోటికి ఎవరు వస్తారు? అక్కడ కాపు కాయవలసింది పండ్ల చెట్టు దగ్గర. ఈ ఒక్క సంగతి తలకెక్కడానికి నాకు మూడు ప్రయాణాలు పట్టింది. మీకు ఒకటి చాలాలని ఇది రాస్తున్నాను.

ఎక్కడికి, ఎప్పుడు

ఒక్క పగటి ప్రయాణానికి నేను చెప్పే చోటు వాల్పారై. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా, ఆనైమలై కొండల మీద ఉన్న తేయాకు ఊరు. ఆనై అంటే ఏనుగు, మలై అంటే కొండ; మన భాషలో చెప్పుకుంటే ఏనుగుల కొండ. ఆ పేరు ఊరికే పెట్టలేదని సాయంత్రానికి మీకే తెలుస్తుంది.

వర్షారణ్యం చూడడానికి నడి అడవికి వెళ్లాలని చాలామంది అనుకుంటారు. నడి అడవిలో మీకు కనిపించేది ఆకులు. చెట్లు ముప్పై, నలభై మీటర్ల ఎత్తు లేస్తాయి, పైన కొమ్మలు గొడుగులా కలిసిపోతాయి, జంతువులలో సగం ఆ పైఅంతస్తులోనే బతుకుతాయి. కింద నిలబడిన మనకు పొట్టలూ తోకలూ తప్ప మరేమీ దొరకవు. వాల్పారై సంగతి వేరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి ఇంగ్లీషు దొరలు ఈ పీఠభూమి మీది అడవిని కొట్టి తోటలు వేశారు. లోయల్లో, వాగుల వెంట, తోటల మధ్య అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. చుట్టూ ఆనైమలై పులుల అభయారణ్యం. అడవికి జరిగింది అన్యాయమే, కానీ చూడవచ్చిన వాళ్లకు మాత్రం ప్రతి ముక్క అంచూ ఒక కిటికీ. తేయాకు వరుసల అవతల నిలబడి అడవి గోడను కళ్లెదురుగా, కొమ్మల ఎత్తులోనే చూడవచ్చు.

డిసెంబరు చివరి నుంచి మే మధ్య వరకు మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన ఇక్కడ మామూలుగా కాదు, కుండపోతగా పడుతుంది. పక్కనే ఉన్న చిన్నకల్లార్ దక్షిణాదిలో అత్యధిక వర్షం పడే చోట్లలో ఒకటి. ఆ నెలల్లో పొగమంచులో మీ కారు ముందు భాగమే మీకు సరిగా కనిపించదు. అక్టోబరు, నవంబరు నెలలు లాటరీ లాంటివి. నన్నడిగితే ఫిబ్రవరి. గాలి చల్లగా ఉంటుంది, జలగలు తగ్గుతాయి, ముక్కు మీద కొమ్ముండే హార్న్‌బిల్ పక్షులు గూళ్లు పెట్టుకుని ఉంటాయి.

మన ఊళ్ల నుంచి దారి కష్టమేమీ కాదు. కోయంబత్తూరు దాకా రైలు, అక్కడి నుంచి పొల్లాచ్చికి గంట, గంటన్నర బస్సు. శబరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచో గుంటూరు నుంచో మాల వేసుకుని వెళ్లిన వాళ్లెందరో కోయంబత్తూరు మీదుగానే పోయి ఉంటారు. ఈ కొండలు వాళ్లకు కాస్త దూరంలోనే ఉండిపోయాయి. ముందురోజు రాత్రి పొల్లాచ్చిలో పడుకోండి. కోయంబత్తూరులో పడుకుంటే తెల్లవారుజాము పోతుంది, తెల్లవారుజాము పోతే రోజులో సగం పోయినట్లే. పొల్లాచ్చిలో భాష గురించి బెంగ వద్దు. తరాల కిందటే ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మీరు ఇంట్లో వాళ్లతో తెలుగులో గొణుక్కుంటే పక్క బల్ల మీది పెద్దాయన అందుకుని జవాబు చెప్పినా చెప్పవచ్చు. ఆయన తెలుగులో కొన్ని మాటలు మీ ముత్తాతగారి మాటల్లా ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఊటీకి, కొడైకెనాల్‌కు 2024 నుంచి బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. వాల్పారై దారికి మీరు వెళ్లే రోజున ఏ నియమం నడుస్తోందో బయలుదేరే ముందు చూసుకోండి.

ముందురోజు రాత్రి సర్దుకోవలసినవి

బైనాక్యులర్స్ లేకుండా వెళ్లకండి. కొనకపోయినా ఫరవాలేదు, అరువు తెచ్చుకోండి. మీద 8×42 అని ఉన్నది తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పది రెట్లది ఇంకా మంచిదని దుకాణంలో చెబుతారు. వినవద్దు. చెట్ల నీడలో వెలుతురు తక్కువ, తల ఎత్తి పట్టుకుంటే చేయి వణుకుతుంది, పది రెట్లలో ఆ వణుకూ పది రెట్లవుతుంది.

బట్టలు మట్టిరంగువో ముదురు ఆకుపచ్చవో వేసుకోండి. తెల్ల చొక్కా, సెంటు వద్దు. సన్నని స్వెటరు, వాన కోటు పెట్టుకోండి. నీళ్లకు స్టీలు సీసా తీసుకోండి. చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ సంచులకోసం వెతుకుతారు, వెతకకపోయినా అక్కడ వదిలే హక్కు మనకు లేదు. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఉండాలి. కొండ మీద ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి దారి పటాన్ని పొల్లాచ్చిలోనే ఫోనులోకి దించుకోండి. మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, పక్షి కూత వినిపిస్తే పేరు చెప్పడానికి ప్రయత్నిస్తుంది. దాని పక్షుల ప్యాక్ కూడా ముందే దించుకోవాలి. అయితే ఆ యాప్‌లోని కూతలను అడవిలో వినిపించి పక్షులను పిలవవద్దు. గూటి కాలంలో అది విన్న పక్షి శత్రువు వచ్చాడనుకుని, పిల్లలకు తిండి తేవడం మాని వెతుక్కుంటూ తిరుగుతుంది.

ఇక జలగలు. వీటి గురించి భయపెట్టే కథలే ఎక్కువ, అసలు సంగతి తక్కువ. మన చెరువు జలగంత ఉండదు ఇది. అగ్గిపుల్ల మందం, వేలి కణుపు పొడవు. తడి ఆకు కొసన వెనక చివరతో అంటుకుని నిలబడుతుంది, ముందు చివరను గాలిలో అటూ ఇటూ ఊపుతూ వెతుకుతుంది. మీ అడుగు పడి నేల అదిరితే చాలు, మీ వైపు తిరుగుతుంది. తర్వాత విల్లులా వంగి, సాగి, వంగి, సాగి నడిచి వస్తుంది. బూటు మీదికి ఎక్కిందంటే మేజోడు అల్లికలోంచి దూరడానికి దానికి పెద్దగా సమయం పట్టదు. అందుకే బిగుతుగా నేసిన గుడ్డతో, మోకాలి దాకా కుట్టిన జలగ మేజోళ్లు దొరుకుతాయి. ప్యాంటు మీదుగా లాగి పైన తాడు బిగించుకోవాలి. అవి లేకపోతే ప్యాంటు చివరలను మేజోళ్లలోకి దోపి, బూట్ల మీద తడి సబ్బు రుద్దండి. కొంతమంది ముక్కుపొడి చల్లుకుంటారు. వానలో రెండూ కొట్టుకుపోతాయి, మళ్లీ రుద్దుకోవాలి.

పట్టుకుందంటే అగ్గిపుల్ల గీయవద్దు, ఉప్పు పోయవద్దు. అలా చేస్తే పొట్టలోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉన్న చివర దాని నోరు. చర్మానికీ నోటికీ మధ్య గోరు పెట్టి పక్కకు జరపండి, ఊడిపోతుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం అది వదిలి ఉంటుంది కాబట్టి చాలాసేపు కారుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి పట్టుకోండి. చూడడానికి ఘోరంగా ఉంటుంది గానీ నొప్పి ఉండదు. రెండు రోజులు దురద మాత్రం ఖాయం.

డ్రైవరుతో మాట

పొల్లాచ్చి నుంచి వాల్పారైకి ప్రభుత్వ బస్సులు తెల్లవారుజాము నుంచే ఉంటాయి. ఖర్చు తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే దారి అంతా చూడవచ్చు. కానీ బస్సు మీ కోసం ఆగదు, ఈ ప్రయాణంలో ఉన్నదంతా ఆగడమే. నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోండి.

ఇక్కడే చాలామంది ప్రయాణం పాడవుతుంది. డ్రైవరుకు మీరు ఏమీ చెప్పకపోతే ఆయన తనకు అలవాటైన చుట్టు తిప్పుతాడు. డ్యాము, జలపాతం, వ్యూ పాయింటు, ఇంకో డ్యాము, ఫ్యాక్టరీ పక్కన టీ పొడి కొట్టు. ఎనిమిది చోట్లు, ఒక్కో చోట పావుగంట. తప్పు ఆయనది కాదు, వచ్చిన వాళ్లందరూ అదే అడుగుతారు. ముందురోజు రాత్రే చెప్పండి: అణ్ణా, మాకు జలపాతాలు వద్దు, నాలుగే చోట్లు చాలు, ఒక్కో చోట గంట, గంటన్నర ఉంటాం, పాటలు పెట్టవద్దు, హారను వీలైనంత తగ్గించాలి. ఆయన మిమ్మల్ని వింతగా చూస్తాడు. తర్వాత ఈ మాటలు నేర్చుకుని పడుకోండి: యానై అంటే ఏనుగు, కాట్టెరుమై అడవి దున్న, వరైయాడు కొండమేక, సింగవాల్ కురంగు సింహం తోక కోతి, ఇరువాచ్చి పెద్ద హార్న్‌బిల్, చిరుత్తై చిరుతపులి. కొండ మీద ఎవరిని చూసినా ఈ మాటల్లో ఒకటి పలికి, చేత్తో ‘ఎక్కడ’ అన్నట్లు అడగండి. తేయాకు కోసే ఆడవాళ్లకు, పాల వాళ్లకు, పొద్దున్నే సైకిలు మీద పోయే తోట కాపలాదారులకు తెలిసినంత ఏ గైడుకూ తెలియదు.

ఐదున్నరకు బయలుదేరడం

పొల్లాచ్చి నుంచి వాల్పారై సుమారు 64 కిలోమీటర్లు. మొదటి 24 కొబ్బరి తోటల మధ్య చదునైన దారి. ఆళియార్ డ్యాము పక్క చెక్‌పోస్టు దాటగానే కొండ మొదలవుతుంది, పైకి వెళ్లేలోగా 40 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గరా అంకె రాసిన రాయి ఉంటుంది. కారు పడని వాళ్లు ముందే మాత్ర వేసుకోండి, పొట్ట నిండా ఇడ్లీ తినకండి.

తొమ్మిదో మలుపు దగ్గర ఆగండి. లోమ్స్ వ్యూ పాయింటు అంటారు. అందరూ కిందికి చూస్తారు, ఆళియార్ జలాశయం అద్దంలా పరుచుకుని ఉంటుంది మరి. మీరు వీపు తిప్పి పైకి, రాళ్ల వైపు చూడండి. నీలగిరి తహ్ర్ అనే కొండమేక ఈ రాళ్ల మీదే ఉంటుంది. తమిళంలో వరైయాడు. తమిళనాడు రాష్ట్ర జంతువు ఇది. పడమటి కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. మామూలుగా ఎత్తయిన గడ్డికొండల మీద బతికే ఈ మేక ఇక్కడ మాత్రం రోడ్డు పక్క గోడ దాకా దిగుతుంది. ఆడవి గోధుమ బూడిదరంగులో ఉంటాయి. ముదిరిన పోతులు దాదాపు నల్లగా ఉండి, వీపు మీద జీను వేసినట్లు తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ కోసం రాతి అంచులన్నీ బైనాక్యులర్స్‌తో నెమ్మదిగా, ఎడమ నుంచి కుడికి, చదువుతున్నట్లు చూస్తూ వెళ్లండి. రాయి అనుకున్నది చెవి విదిలిస్తుంది.

దగ్గరికి వచ్చినా తినడానికేమీ పెట్టవద్దు. వాటికి మనుషుల భయం ఇప్పటికే తగ్గిపోయింది, బండ్ల భయం కూడా తగ్గితే ఇంకేముంది. 2023లో తమిళనాడు ప్రభుత్వం ఈ ఒక్క మేక కోసం ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. మన చిప్స్ ప్యాకెట్టు దానికి సాయం చేయదు.

ఇక్కడ అరగంట చాలు. మిగిలిన మలుపుల్లో కిటికీలు దించుకుని వెళ్లండి. ఎక్కడో ఒక చోట వాగు దాటుతుంటే ఎవరో కుర్రాడు దారి తప్పిన రాగం ఈలవేస్తున్నట్లు వినిపిస్తుంది. అది మలబారు ఈల పిట్ట. ముదురు నీలం, నలుపు కలిసిన రంగు. పాట పూర్తి చేయడం ఎప్పుడూ దానికి చేతకాదు.

పుదుత్తోట్టం: నిలబడి చూడవలసిన చోటు

వాల్పారై ఊరికి కొద్ది కిలోమీటర్ల ముందు పుదుత్తోట్టం వస్తుంది. ఎనిమిదిన్నర లోపు చేరుకోండి. ఈ తోటను ఆనుకుని ఉన్న చిన్న అడవి ముక్కలో సింహం తోక కోతులు ఉంటాయి. ఈ కోతి కోసమే నేను ఈ దారి పట్టాను, ఈ వ్యాసంలో సగం దానికే ఇచ్చినా నాకు తృప్తి ఉండదు.

కర్ణాటక, కేరళ, తమిళనాడు వర్షారణ్యాలలో తప్ప ఇది మరెక్కడా లేదు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. 1970ల చివర్లో కేరళలోని సైలెంట్ వ్యాలీలో కుంతిపుళ నది మీద జలవిద్యుత్ డ్యాము కడతామన్నప్పుడు అక్కడి అడవి కోసం పెద్ద ఉద్యమం లేచింది. ఆ ఉద్యమానికి ముఖం ఈ కోతే. డ్యాము ఆగిపోయి, 1984లో ఆ అడవి జాతీయ పార్కయింది. అక్కడ ఇప్పటికీ దీన్ని చూడడం కష్టం, చెట్ల చిటారు కొమ్మల నుంచి దిగదు. పుదుత్తోట్టంలో అడవి చిన్నది కాబట్టి తోటలోకి, రోడ్డు మీదికి, ఇళ్ల కప్పుల మీదికి కూడా వస్తుంది. మనకు అదృష్టం, దానికి కాదు. బండ్ల కింద పడకుండా అటవీ శాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ కలిసి రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. ముందు వాటిని వెతకండి. వంతెన కనబడిందంటే దాని కింద కాకుండా కాస్త ఇవతల కారు పక్కకు తీసి ఆపి, ఇంజను ఆర్పేయండి.

పదిహేను నిమిషాలు ఏమీ జరగదు. ఆ పదిహేను నిమిషాలను భరించడమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య. చెవులతో మొదలుపెట్టండి. గాలి లేకుండా ఒక్క కొమ్మే కదిలితే అది జంతువు. పండ్ల తొక్కలు టపటపా రాలుతుంటే అది జంతువే. లోతైన గొంతుతో హు, హు, హు అని గుట్ట అదిరేలా వినిపిస్తే అది మాత్రం మీరు వెతుకుతున్నది కాదు, నీలగిరి కొండముచ్చు.

ఈ రెండింటినీ కలిపేసి ‘చూశాం’ అని మురిసిపోయి వచ్చేవాళ్లు చాలామంది. రెండూ నల్లగానే ఉంటాయి. తేడా ఇలా చూడండి. కొండముచ్చుకు తల మీద జుట్టు తేనెరంగు, తోక ఒంటికన్నా పొడుగ్గా తాడులా వేలాడుతుంది, చివర కుచ్చు ఉండదు. సింహం తోక కోతికి నల్లటి ముఖం చుట్టూ వెండిరంగు జూలు, తాతగారి గడ్డం చెవుల మీదుగా నుదుటి దాకా పెరిగినట్లు. తోక పొట్టిది, చివర చిన్న కుచ్చు. ఆ కుచ్చు వల్లే సింహం పేరు వచ్చింది, జూలు వల్ల అని అందరూ పొరబడతారు. ఇంకో గుర్తు, తినేటప్పుడు బుగ్గలు చూడండి. కోతికి బుగ్గల్లో సంచులుంటాయి, కొండముచ్చుకు ఉండవు.

పోయిన ఫిబ్రవరిలో నేను చూసిన ఆడకోతి ఒకటి కంచె రాతి మీద కూర్చుని ఉంది. ఒడిలో పనస తొన. గింజను పక్కకు తీసి, తొనను పళ్లతో గీకి, చీలికలు చీలికలుగా ఎడమ బుగ్గలోకి తోస్తోంది. బుగ్గ నిమ్మకాయంత ఉబ్బింది. పిల్ల పొట్టకు కరుచుకుని ఉంది, దాని ముఖం ఇంకా తల్లి ముఖంలా నల్లబడలేదు, జూలూ రాలేదు. ఒక లారీ మలుపు తిరిగి వచ్చింది. ఆమె తల ఎత్తలేదు, కుడి చేత్తో పిల్ల తలను మాత్రం లోపలికి నొక్కుకుంది. లారీ వెళ్లాక చేయి తీసింది. గింజను కూడా పారేయకుండా కుడి బుగ్గలో వేసుకుంది.

మీకు అలాంటిది కనిపిస్తే ఫోను తీసే ముందు ఐదు నిమిషాలు చూడండి. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కళ్లలోకి గుచ్చి చూడవద్దు, నవ్వితే పళ్లు చూపించవద్దు. కోతుల భాషలో రెండూ బెదిరింపులే. కారు తలుపులు, కిటికీలు మూసి ఉంచండి. అరటిపండు ఇచ్చే దయగల వాళ్లు మీ బృందంలో ఉంటే ముందే మందలించండి. రోడ్డు పక్క తిండి అలవాటైన కోతి రోడ్డు మీదే చస్తుంది.

మధ్యాహ్నం: పండ్ల చెట్టు కింద

పది దాటాక జంతువులు సర్దుకుంటాయి. మీరూ సర్దుకోండి. వాల్పారై బజారులో దోసె, టీ కానిచ్చి, కొట్లలో, ఆటో స్టాండులో ఒకే ప్రశ్న అడగండి: మర్రి జాతి చెట్టు ఎక్కడ పండింది? వేళ్లతో చిన్న గుండ్రని పండు చూపించండి, ఇరువాచ్చి అనండి, అర్థమవుతుంది. తోటలు చాలావరకు ప్రైవేటువి, లోపలి దారుల్లోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. రోడ్డు మీద నుంచి కనిపించే చెట్టే అడగండి, అలాంటివి ఉంటాయి.

మర్రి, రావి, మేడి ఒకే కుటుంబం. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనకు బడిలోనే నేర్పి, మోసానికి ఉపమానం చేశారు. నిజానికి ఆ పురుగులు చిన్న కందిరీగలు, అవి దూరితేనే లోపలి పూలు ఫలదీకరణం చెందుతాయి. అవి లేకపోతే గింజ లేదు, కొత్త చెట్టూ లేదు. పైగా ఈ జాతి చెట్లన్నీ ఒకే రుతువులో పండవు. ఒకటి ఈ నెల, ఇంకొకటి వచ్చే నెల. అడవిలో వేరే పండేమీ దొరకని రోజుల్లో కూడా ఎక్కడో ఒక మర్రి పండి ఉంటుంది. అందుకే అడవి మొత్తం దాని దగ్గర అప్పు చేస్తుంది.

పండిన చెట్టు దొరికితే దాని కిందికి పోకండి. ముప్పై, నలభై అడుగుల దూరంలో, ఎండ మీ వెనక నుంచి పడేలా కూర్చోండి. గంటన్నర కదలవద్దు. మొదట ఆకుపచ్చ పావురాలు బయటపడతాయి, ఆకులే కదులుతున్నాయనిపిస్తుంది. తర్వాత బుల్బుల్ పిట్టలు, కుటురు పిట్టలు. బెట్టుడుత వస్తే గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. పిల్లి అంత ఒళ్లు, దానికన్నా పొడుగు తోక, ఎరుపు, నలుపు, లేత పసుపు రంగులు. వెనక కాళ్లతో కొమ్మకు వేలాడుతూ రెండు చేతులా పండు పట్టుకుని తింటుంది.

అన్నిటికన్నా పెద్ద అతిథి ఎప్పుడూ చప్పుడుతో వస్తుంది. పాత బొగ్గింజను రైలు ఎక్కడో లోయలో ఆవిరి వదులుతూ వస్తున్నట్లు హుష్, హుష్, హుష్. తల ఎత్తేసరికి పెద్ద హార్న్‌బిల్ మీ మీదుగా పోతుంది. రెక్కలు చాస్తే ఒకటిన్నర మీటరు వెడల్పు, పసుపు ముక్కు, దాని మీద బోర్లించిన పడవలా ఇంకో కొమ్ము. కేరళ రాష్ట్ర పక్షి ఇదే. గూటి కాలంలో వచ్చేది ఎక్కువగా మగది, ఎందుకంటే ఆడది ఏదో పెద్ద చెట్టు తొర్రలో ఉండి, ముక్కు పట్టేంత చీలిక మాత్రం వదిలి తొర్ర మూతిని తనే మూసుకుని ఉంటుంది. కొన్ని నెలలు దానికీ, పిల్లకూ తిండి తేవలసింది మగదే. అది ఎంత సేపు తింటుందో, గొంతులో నింపుకుని ఎటు ఎగిరిందో రాసుకోండి. ఆ దిక్కుకు వెంటపడవద్దు. మీరు గూటి కింద నిలబడితే మగది తిండి తీసుకుని దగ్గరికి రాదు, లోపల రెండు ప్రాణాలు పస్తుంటాయి.

చెట్టు దొరకకపోతే? ఏదైనా అడవి ముక్క ఎదురుగా రోడ్డు వంపులో కూర్చోండి. ఇదే పని, ఇదే ఓపిక, ఫలితం కాస్త తక్కువ. ఆ మధ్యాహ్నం ఒక అడుగు పొడవు కూడా లేని ఎగిరే బల్లి సిల్వర్ ఓక్ మాను మీద నుంచి ఇంకో మాను మీదికి జారడం చూసినా నష్టపోయినట్లు కాదు. మలక్కప్పార మీదుగా కేరళ వైపు దిగి వాళచ్చాల్, ఆతిరప్పిళ్లి జలపాతాలు కూడా చూసేయాలని ఈ వేళకు ఎవరో ఒకరికి బుద్ధి పుడుతుంది. దారి అందమైనదే, పూర్తిగా అడవి. కానీ అది ఇంకో రోజు పని, ఈ రోజు కలిపితే మీరు చూసేది కారు ముందు అద్దమే.

సాయంత్రం: దున్నలు, ఏనుగులు

మూడున్నర నుంచి తేయాకు తోటల అంచులు చూడండి. అడవి దున్నలు మేతకు బయటికి వచ్చే వేళ. పెద్ద పోతు టన్ను బరువు దాకా తూగుతుంది. నల్లటి ఒళ్లు, మోకాళ్ల కింద తెల్లటి మేజోళ్లు తొడిగినట్లుంటాయి. మన గేదెలా మెత్తగా కనబడుతుంది కాబట్టి జనం దగ్గరికి పోయి సెల్ఫీ తీసుకోబోతారు. యాభై మీటర్ల కన్నా దగ్గరికి వద్దు. ఒంటరి పోతైతే కారు దిగనేవద్దు. తల వంచి ముక్కుతో బుస్సుమందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరయ్యారు.

ఏనుగుల సంగతి వేరు. అవి కనబడాలని కోరుకోవడం కన్నా ఎక్కడున్నాయో తెలుసుకుని తప్పుకోవడం ఈ ఊరి పద్ధతి, అతిథులకూ అదే. వాల్పారైలో దీనికొక ఏర్పాటుంది. ఫలానా తోట దగ్గర ఏనుగులున్నాయని తెలియగానే చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకు సందేశం వెళ్తుంది, స్థానిక టీవీ తెర కింద అక్షరాలు పోతాయి, ఆ ప్రాంతంలో స్తంభానికి కట్టిన ఎర్ర దీపం వెలుగుతుంది. చీకట్లో పని నుంచి ఇంటికి నడిచి పోయే కూలీల ప్రాణాలు కాపాడడానికి పెట్టిన ఏర్పాటిది. దీని వెనక పనిచేసిన వన్యప్రాణి పరిశోధకుడు ఆనంద కుమార్‌కు 2015లో, ప్రకృతి సంరక్షణకు ఇచ్చే విట్లీ అవార్డు వచ్చింది. మీరు చేయవలసినదల్లా టీ కొట్టులో ‘యానై ఎంగే?’ అని అడగడం, ఎర్ర దీపం కనిపిస్తే ఆ దారిలో నడవకపోవడం. దూరపు వాలు మీద మంద కనిపిస్తే కారులోనే ఉండి చూడండి. పిల్లలను మధ్యలో పెట్టుకుని తేయాకు మొక్కల మధ్య బాటలోనే ఎంత జాగ్రత్తగా నడుస్తాయో గమనించండి.

పొద్దు వాలాక తేయాకు మొక్కల మధ్యకు ఎవరూ దిగవద్దు, ముఖ్యంగా పిల్లలు. నడుం ఎత్తు మొక్కల వరుసలో పడుకున్న చిరుతపులి రెండడుగుల దూరంలోనూ కనిపించదు. ఈ ఊళ్లో ఆ భయం కథ కాదు. వాగుల్లోకి స్నానానికి కూడా వద్దు, పైన వాన పడితే కింద నీళ్లు చెప్పకుండా పెరుగుతాయి.

దిగడం

ఐదింటికి తిరుగు ప్రయాణం కట్టండి. చీకటి పడేలోపు నలభై మలుపులు దిగి ఆళియార్ చేరాలి. దారిలో పొగమంచు పట్టినా, రోడ్డు మీద కణుజు నిలబడినా తొందరపడని సమయం చేతిలో ఉండాలి. ఎదురు వచ్చే బండికి, ముఖ్యంగా పైకి ఎక్కే బస్సుకు, దారి ఇవ్వడం కొండ మర్యాద.

చెక్‌పోస్టు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగి, బూట్లు విప్పి, మేజోళ్లు తిరగేసి దులపండి. నోటు పుస్తకంలో రోజు లెక్క అప్పుడే రాసేయండి. ఏ వేళ, ఏ చెట్టు, ఏం తింటోంది, ఎటు వెళ్లింది. పేరు తెలియనివాటికి రంగు, తోక, ముక్కు రాసుకుంటే చాలు. నా చివరి ప్రయాణం లెక్క ఇది: తహ్ర్ పదకొండు, సింహం తోక కోతులు సుమారు పద్దెనిమిది, నల్ల కొండముచ్చులు ఆరు, బెట్టుడుతలు మూడు, పెద్ద హార్న్‌బిల్ రెండు, దున్నలు తొమ్మిది, ఏనుగుల పేడ ఒక చోట. జలగ ఒకటి. దాన్ని మాత్రం పొల్లాచ్చి హోటలు గదిలో, స్నానానికి నీళ్లు పెట్టుకున్నాక చూశాను.